ఏమని పిలవాలి

సీసా మూత తీసి క్రిస్టీనా ముందు వాసన చూస్తుంది. పరికరాలు ఆ తర్వాతే. ఆమె వాసన చూస్తున్నంతసేపూ రైతులు మాట్లాడరు. నలభై ఎకరాల ఆసామి అయినా, ఎకరం కౌలుకి చేసేవాడైనా, ఆ కాసేపు ఆమె ముఖం వంకే చూస్తారు.

"అమ్మోనియా పెరిగింది. ఇవాళ మేత సగానికి తగ్గించండి. ఏరియేటర్లు ఆపకండి."

"ఆయ్. అలాగేనండి మేడంగారూ."

కాట్రేనికోనలో మేతల కొట్టు మేడ మీద ఉంది ఆ ల్యాబు. చెరువు నీళ్లూ రొయ్యలూ పరీక్ష చేసి రిపోర్టు ఇస్తారు. యజమాని శ్యామ్ బాబు అమలాపురంలో ఉంటాడు, నెలకోసారి వస్తాడు. మిగతా రోజులన్నీ ల్యాబు క్రిస్టీనాదే. చెప్పులు బయట విడిచి రమ్మని తలుపు మీద మార్కరుతో రాసి పెట్టింది. అందరూ విడిచే వస్తారు.

ఆ మంగళవారం పొద్దుటినుంచీ కోటు జేబులో ఫోను వణుకుతూనే ఉంది. పదిన్నరకి జనం పలచబడ్డాక తీసి చూసింది. తొంభై ఆరు మెసేజీలు.

ఆ గుంపు పేరు కట్టుబాటు. నూట నలభై మంది ఉన్నారు. ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు. ఒకరు ఆజ్ఞ ఇవ్వడం, ఒకరు లోబడటం, అందులో ఇద్దరికీ సుఖం ఉండటం. దానికి బీడీఎస్‌ఎం అని ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరే వీళ్లూ వాడుకుంటారు. ఇద్దరూ పెద్దవాళ్లయి ఉండాలి, ముందే ఒప్పుకోవాలి, ఒకరు ఆపమంటే రెండోవాళ్లు ఆపాలి. ఇలాంటి నియమాలన్నీ నిశి అనే హైదరాబాదావిడ తెలుగులో రాస్తోంది. పది అయ్యాయి. పదకొండోదాని దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయారు. ఏలే ఆడదాన్ని ఏమని పిలవాలి?

"డామినాట్రిక్స్ వద్దు. అది డబ్బు పుచ్చుకుని చేసేవాళ్ల పేరు. నేను బ్యాంకులో చేస్తున్నాను, నా జీతం నాకుంది" అని వనజ రాసింది. ఆవిడది వైజాగు.

"పోనీ మిస్ట్రెస్?"

"అదే మగాడైతే మాస్టరు, పెద్దమనిషి. ఆడది మిస్ట్రెస్ అనేసరికి పేపరువాళ్ల భాషలో ఎవడో ఉంచుకున్నది. మీరే అనిపించుకోండి."

"మేడం?"

"మేడం అని మా అపార్టుమెంటు వాచ్‌మనూ అంటాడు, కూరగాయలవాడూ అంటాడు."

"అమ్మగారు అంటే బాగుంటుంది కదా, నిండుగా."

"అమ్మా అన్నాక ఇంకేం మిగిలింది బాబూ? కంచం తెచ్చుకో, అన్నం పెడతాను."

దాని కింద ఇరవై నవ్వుబొమ్మలు. మగకీ ఆడకీ ఒకటే మాట పెట్టి, యజమాని అందామని ఎవరో అన్నారు. "మా ఇంట్లో ఆ మాట మా ఆయనకి రేషన్ కార్డులోనే రాసిచ్చేశారు" అంది వనజ.

అప్పుడు సేవకుడు రాశాడు. "దొరసాని. తెలుగులో ఇంతకన్నా మాట లేదండీ."

ఆ పేరు చూడగానే క్రిస్టీనా కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుంది. సేవకుడు ఆమె మనిషి. ఐదు నెలలుగా పొద్దున్నే ఐదున్నరకి విడిగా మెసేజీ పెడతాడు, ఇవాళ ఏం చెయ్యమంటారండీ అని. ఆమె చెబుతుంది. కింద కూర్చుని తిను. తిన్న కంచం నువ్వే కడుగు. ఇవాళ సాయంత్రం దాకా ఎవరి మీదా గొంతు లేపకు. నిమిషంలో అలాగేనండీ అని వస్తుంది. ఆ అలాగేనండీ చదివి ఆమె స్నానానికి లేస్తుంది. ఆ రోజంతా బస్సులో ఎవరు తోసినా పట్టించుకోదు. అతను ఎవరో తెలియదు. రొయ్యల చెరువులున్నాయని ఒకసారి అన్నాడు. భీమవరం వైపు అనుకుంది.

గుంపులో ఆమె పేరు గోదావరి. వేలితో ఒక్కో అక్షరం నొక్కింది.

"నాకు ఏ పేరూ వద్దు. అండీ అంటే చాలు."

"మీ జిల్లాల్లో కుక్కని కూడా అండీ అంటారు కదమ్మా, అందులో గొప్పేముంది?" అంది వనజ.

"అందరినీ అనరు" అని రాసి ఫోను జేబులో పెట్టేసుకుంది.

మెట్ల మీద చప్పుడైంది. ముందు మురళీమోహన్, వెనక రెండు చేతులతోనూ సంచులు మోసుకుంటూ అతని సూపర్‌వైజరు నాగసతీష్. మురళీమోహన్‌కి పల్లం ఊరి గట్టున ఆరు చెరువులున్నాయి. ఇన్నాళ్లూ నాగసతీషే వచ్చేవాడు. ఆసామి రావడం ఇదే మొదలు. నలభై అయిదేళ్లుంటాయి. చెరువు గట్టు మీదినుంచి సరాసరి వచ్చాడేమో, ప్యాంటు మోకాలి కిందిదాకా మడిచి ఉంది. తలుపు మీద రాసింది చదివి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"నమస్కారమండి మేడంగారూ. తొంభై రోజుల చెరువులండి. ఇంకో ఇరవై రోజులాగితే రొయ్య సైజుకొస్తుందని ఆశండి. ఓసారి చూసి చెప్పండి."

క్రిస్టీనా పరీక్ష గొట్టంలోకి చుక్కలు లెక్కపెట్టి వేస్తోంది. ఐదో చుక్కో ఆరో చుక్కో మరిచిపోయింది. గొట్టం పారబోసి, కడిగి, మళ్లీ మొదలెట్టింది.

అతని ఎడమ చీలమండకి నీలం నైలాన్ తాడు కట్టి ఉంది. వల అల్లే దారం. ఏడు ముళ్లు. అలా కట్టుకుని ఉండమని ఫిబ్రవరిలో సేవకుడికి ఆమే చెప్పింది.

"ఒరే సతీషూ, మూడో చెరువుది ఏదిరా? అది చూపించు మేడంగారికి" అన్నాడు మురళీమోహన్.

సంచిలో రొయ్యలు బానే ఉన్నాయి. రెండు మాత్రం అడుగుకి చేరి కదలకుండా ఉన్నాయి. ఆమె వేలితో సంచి మీద కొట్టింది. ఒకటి జరిగింది, రెండోది జరగలేదు.

"నీళ్ల రిపోర్టు రేపు మధ్యాహ్నం ఇస్తానండి. మూడో చెరువు రొయ్యలు ఎల్లుండి ఇంకోసారి పంపండి. వైరస్ పరీక్ష చేద్దాం."

"మచ్చలేం లేవు కదండి."

"మచ్చలొచ్చాక చేసి లాభం లేదండి."

"ఆయ్. మీరెలాగంటే అలాగేనండి" అని అతను చెప్పులేసుకుని దిగిపోయాడు.

కట్టుబాటులో నాలుగో నియమం ఇది: గుంపులో మనిషి బయట తారసపడితే గుర్తుపట్టనట్టే ఉండాలి. అక్కడిది ఇక్కడికీ ఇక్కడిది అక్కడికీ తేకూడదు. నిశి ఆ నియమం రాసిన రోజు మొదట సరేనన్నది క్రిస్టీనాయే. మురళీమోహన్ వచ్చివెళ్లిన మర్నాడు ఐదున్నరకి సేవకుడు ఎప్పటిలాగే అడిగాడు. ఆమె "ఇవాళ ఏం లేదు. నీ పని చూసుకో" అని పెట్టింది.

"అలాగేనండీ. తప్పేమైనా చేశానాండీ?"

ఆమె అది చదివి స్నానానికి లేచింది.

బుధవారం గుంపులో ఓట్లు పెట్టారు. ఒకటి దొరసాని, రెండు ఏ పేరూ వద్దు. సాయంత్రానికి తేలిపోవాలంది నిశి. ఓట్లకి ముందు సేవకుడు పొడుగ్గా రాశాడు.

"మా మామ్మగారు అరుగు మీదకొచ్చి నిలబడితే కళ్లంలో ఉన్నవాళ్లు తలపాగా తీసి చంకలో పెట్టుకునేవారండీ. దొరసానిగారండీ అనేవారు. అనేటప్పుడు వాళ్ల గొంతు వణికేది. నేను చిన్నప్పుడు విన్నాను. ఆ వణుకు నాకు కావాలి. నేను అలా వణకాలి. వేరే మాటతో అది రాదండీ."

ముప్పై మంది గుండె బొమ్మలు పెట్టారు.

"వాళ్లు వణికింది సరదాకి కాదు" అని గోదావరి రాసింది.

"నిజమేనండీ. క్షమించండీ. కాని ఆ మాటలో ఉన్నది మాత్రం నిజం కదండీ?"

వనజ మధ్యలో దూరింది. "వదిలెయ్ గోదావరీ. పాత మాట, కొత్త పని. ఎవరి తాతలు ఏం చేశారని ఇప్పుడు చూస్తామా?"

మధ్యాహ్నం ఒంటిగంటకి జయమ్మ వచ్చింది. బుధవారం బీపీ మాత్రలు ఇచ్చే రోజు. ఆసుపత్రిలో పని చూసుకుని, కూతురికి క్యారేజీ ఇచ్చి, నాలుగింటి ఆటోకి వెళుతుంది. అరవై ఎనిమిదేళ్లు. ల్యాబులో వచ్చినవాళ్ల కోసం ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. జయమ్మ అందులో కూర్చుని కూతురి పని చూస్తోంది. గాజుపళ్లెంలో పచ్చ చుక్కలు, పసుపు చుక్కలు. క్రిస్టీనా మార్కరుతో ఒక్కోదాని మీద చుక్క పెట్టుకుంటూ లెక్కేస్తోంది.

"అవేంటే, ముగ్గులా ఉన్నాయి."

"నీళ్లలో పురుగులమ్మా. పచ్చవి ఎక్కువుంటే చెడ్డది."

"కంటికి కనపడని పురుగుల్ని ముగ్గేయించేవన్నమాట" అని జయమ్మ నవ్వింది.

ఆ నవ్వు అలా ఉండగానే మురళీమోహన్ లోపలికొచ్చాడు. రిపోర్టు కోసం. చెప్పులు బయటే విడిచాడు. కుర్చీ వైపు చూసి ఆగాడు.

"ఏమే జయమ్మా! ఇక్కడున్నావేంటే?"

జయమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"ఆయ్, బాబుగారండి. బాగున్నారా అండి? అమ్మగారు బాగున్నారా అండి?"

"బానే ఉన్నాం గాని, ఈ ల్యాబులో నీకేం పనే?"

"మా అమ్మాయండి."

మురళీమోహన్ ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడు. క్రిస్టీనాని పై నుంచి కింది దాకా కొత్తగా చూశాడు. అందులో కోపం లేదు, చులకన చేద్దామనీ లేదు. తన ఇంట్లోనే ఎప్పుడో పోయిన వస్తువు కనపడితే చూసినట్టు చూశాడు.

"నీ కూతురా! అంటే మన ఇంట్లో పనిచేసిన సుబ్బాయమ్మ మనవరాలు. ఓర్నీ, ఎంతదైపోయింది! మా కళ్లంలో ఊక గుట్ట మీద పడి నిద్రపోయేది ఇది. ఏం చదివేవమ్మా నువ్వు?"

"ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అండి" అంది క్రిస్టీనా. తన నోట్లోంచి వచ్చిన అండి తనకే వినిపించింది.

"మంచిది, మంచిది. మీవాళ్లే చదూకుంటన్నారిప్పుడు. మావాళ్లు బళ్లేసుకుని తిరగడానికే సరిపోతంది." వేలితో బల్ల మూలకి చూపించాడు. "ఏమే, ఆ నీళ్ల బాటిలిలా అందుకో."

బాటిలు బల్ల మీద, అతని చేతికి బారెడు దూరంలో ఉంది. జయమ్మ వెళ్లి తెచ్చి, రెండు చేతులతో ఇచ్చింది. అతను తల పైకెత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకున్నాడు. మూత బిగించకుండానే తిరిగి ఆమె చేతికిచ్చాడు.

రిపోర్టు తీసుకుని, "రేపు మూడో చెరువు రొయ్యలు సతీషుగాడితో పంపిస్తాను, చూసిపెట్టు" అన్నాడు. నిన్న అన్న మేడంగారూ అన్న పిలుపు లేదు. ఆ మాట తగ్గినట్టు అతనికి తెలిసినట్టు కూడా లేదు.

అతను దిగిపోయాక జయమ్మ కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గర మెట్టు మీద కూర్చుంది.

"కుర్చీలో కూర్చో."

"పర్లేదే, ఇక్కడ గాలొస్తంది."

"ఎందుకు లేచేవమ్మా?"

జయమ్మ మాత్రల పొట్లం విప్పి, మళ్లీ మడిచింది. "నేనెక్కడ లేచేనే? కాళ్లు లేచేయి" అంది.

నాలుగింటికి తల్లిని ఆటో ఎక్కించి వచ్చి, క్రిస్టీనా ఫోను తీసింది. నాలుగో నియమం గుర్తుంది. గుర్తుండే రాసింది.

"రేపు పొద్దున్న, ఇవాళ నువ్వు నీళ్లు అందుకోమన్నావిడ ఇంటికి వెళ్లు. వాకిట్లో నిలబడు. జయమ్మగారండీ, తప్పయిందండీ అను."

చదివినట్టు రెండు టిక్కులు పడ్డాయి. నిమిషం అయింది. అలాగేనండీ రాలేదు. రాస్తున్నట్టు మూడు చుక్కలు కనపడి ఆగిపోయాయి. మళ్లీ కనపడ్డాయి, మళ్లీ పోయాయి. కింద కొట్లో మేత బస్తాలు దించుతున్నారు. ఒక్కో బస్తాకీ నేల అదురుతోంది.

"ఎవరు నువ్వు?"

"నీకు కుర్చీ ఇచ్చి లేచినావిడ కూతుర్ని."

ఆమె చూస్తుండగానే మెసేజీలు మాయమయ్యాయి. ఇవాళ్టివి, నిన్నటివి, ఫిబ్రవరివి. రెండు వైపులా చెరిపేసే వీలుంది అందులో. ఐదు నెలల అలాగేనండీలు ఒక్క క్షణంలో పోయాయి. తెల్లటి తెర మిగిలింది.

ఆ సాయంత్రమే నిశి విడిగా రాసింది. "గోదావరిగారూ, సేవకుడు ఫిర్యాదు చేశాడు. బయట మనిషిని గుర్తుపట్టి, గుంపులో సంగతి పెట్టి ఒత్తిడి చేశారంటున్నాడు. నిజమేనా?"

"నిజమే."

"కారణం ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి. నేను వింటాను."

క్రిస్టీనా చాలా రాసింది. కళ్లం, కుర్చీ, బాటిలు. మొదటినుంచి చదివింది. ఊరి పేరు లేకుండా, తన పేరు లేకుండా అది ఎవరికీ అర్థం కాదు. పేర్లు పెడితే ఇంకేం మిగలదు. మొత్తం చెరిపి, "ఉంది. చెప్పలేను" అని పంపింది.

"నియమం నేనే రాశాను. మీకోసం ఆపలేను. బాధగా ఉంది" అంది నిశి. తనని గుంపులోంచి తొలగించే ముందు ఓట్ల లెక్క క్రిస్టీనా కంటబడింది. దొరసాని అరవై ఒకటి. ఏ పేరూ వద్దు తొమ్మిది.

గురువారం ఎనిమిదిన్నరకే నాగసతీష్ రొయ్యలు తెచ్చాడు. "మా ఆసామి రాత్రంతా నిద్రపోనట్టున్నారండి. నన్ను కూడా మీరు అని పిలిచేశారొకసారి. భయమేసిందండి" అని నవ్వాడు. క్రిస్టీనా నవ్వలేదు. సంచి విప్పి, రొయ్య తల డిప్ప లేపి, మొప్పలు కత్తిరించి గొట్టంలో వేసింది. మందు పోసి నూరింది. పరీక్ష మిషనుకి ఎక్కించి, మధ్యాహ్నానికి తేలుతుందని చెప్పి పంపింది.

తొమ్మిదింటికి గంగబాబు వచ్చాడు. మురళీమోహన్ చెరువులకి దిగువన అదే కాలవ మీద ఎకరం కౌలుకి తీసుకుని మొదటిసారి రొయ్య వేశాడు. అంతకు ముందు తండ్రితో పాటు పడవ మీద వేటకెళ్లేవాడు. అతను తెచ్చిన సీసాలో కాలవ నీళ్లున్నాయి.

"ఆదివారం తెల్లారగట్ల సముద్రానికి పెద్ద పోటుందండి, కాలవ నిండుతాది. చెరువులో నీళ్లు తగ్గిపోయేయి. ఈ నీళ్లు పెట్టుకోమంటారా అండి?"

క్రిస్టీనా వాసన చూసింది. ఉప్పు చూసింది. నీళ్లు బావున్నాయి. ఆమె కళ్లు మాటిమాటికీ మిషను వైపు పోతున్నాయి.

"పెట్టుకోవచ్చండి."

"ఆయ్. అంతేనండి, మీరు ఊఁ అంటే నాకు ధైర్యమండి" అని అతను వెళ్లిపోయాడు.

ఒంటిగంటకి మిషను తెర మీద గీత లేచింది. నీళ్లు మాత్రమే పోసిన గొట్టం తాలూకు గీత నేలబారుగా ఉంది. మూడో చెరువు గీత మాత్రం నిలువుగా పైకి పోయింది. తెల్లమచ్చ వైరస్. ఆమె మిగిలిన మొప్పలతో ఇంకోసారి పెట్టింది. నాలుగున్నరకి మళ్లీ అదే గీత. ఈలోగా మురళీమోహన్‌కి నాలుగుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. నాగసతీష్‌కి చెప్పింది.

ఐదింటికి అతను వచ్చాడు. ఒక్కడే. చెప్పులు విడవలేదు. చెరువు మట్టి అంటిన చెప్పులతో తెల్ల టైల్సు మీద నడిచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. చీలమండకి తాడు లేదు. ఉన్నచోట పాలిపోయిన గీత ఉంది.

"మూడో చెరువుకి వైరస్ వచ్చిందండి" అంది క్రిస్టీనా. కాగితం అతని వైపు జరిపింది. "రొయ్య ఇంకా బతికే ఉంది. రేపు పొద్దున్నకల్లా పట్టుబడి చేయించి అమ్మెయ్యండి. రెండ్రోజులాగితే ఏమీ మిగలదు. నీళ్లు మాత్రం కాలవలోకి వదలొద్దు. బ్లీచింగ్ కొట్టి వారం ఆపాలి."

"నాకు ఆర్డర్లేస్తన్నావా?"

"ఇది రిపోర్టండి."

"నిన్న అది. ఇవాళ ఇది. నా చెరువు నా చేత్తో ఖాళీ చేయించి, మీ పేటలో కూర్చుని నవ్వుకుందామనుకున్నావు."

"ఆ సంగతి వేరండి. ఇది వేరండి. రెండుసార్లు చేశాను. కావాలంటే భీమవరంలో చేయించుకోండి."

"నీకు వేరు. నాకు ఒకటే." అతను కాగితం తీసుకున్నాడు, చదవలేదు. "రొయ్య కడిగిన ముత్యంలా ఉంది. పొద్దున్నే చెక్ ట్రేలో చూసేను. మచ్చ లేదు, మేత తింటంది. నువ్వు చెబితే పట్టించెయ్యాలా? ఐదు నెలలు నువ్వు చెప్పిందల్లా చేసేను. కింద కూర్చుని తిన్నాను. కంచాలు కడిగేను. ఎవత్తి చెబుతోందో తెలీక చేసేను."

"అది మీరు కోరుకున్నదేనండి."

"దొరసానికి చేసేననుకున్నాను" అన్నాడతను.

కింద కొట్టు రేడియోలో ఎవరో నవ్వుతున్నారు. 

"మా అమ్మ సంగతి వదిలెయ్యండి. నాకేం చెప్పక్కర్లేదు. ఆ మెసేజీ నేను పెట్టకుండా ఉండాల్సింది, తప్పే. చెరువు మాత్రం పట్టించెయ్యండి. మీ దిగువన చిన్నవాళ్లున్నారు."

"ఫోనులో సంగతి ఒక్క ముక్క బయటికొచ్చిందో, ముందు పోయేది నీ పేరే. ఆడదానివి. పైగా..."

అతను ఆపేశాడు. మిగతాది ఇద్దరికీ తెలుసు. కాగితం నేల మీద వదిలి, దాని మీంచే నడిచి వెళ్లాడు. ఆమె తడిగుడ్డ తెచ్చి టైల్సు తుడిచింది. కాగితం తీసి ఫైల్లో పెట్టింది. మట్టి చెప్పు అచ్చు సరిగ్గా అంకెల మీద పడింది.

ఆదివారం చర్చిలో రెండో పాట దగ్గర ఆడవాళ్ల వరసలో గుసగుసలు మొదలయ్యాయి. మురళీబాబుగారి మూడో చెరువులో రొయ్యంతా శనివారం పొద్దున్నే చచ్చి తేలిపోయిందట. గట్టు నిండా కాకులూ కొంగలూ. మధ్యాహ్నానికి నాలుగో చెరువు. కంగారుగా దొరికినంత పట్టించి, తూములు తీసి నీళ్లన్నీ కాలవలోకి కొట్టేశారట.

జయమ్మ పాటల పుస్తకం మూసింది. "పాపం. ప్రార్థనయ్యాక ఓసారెళ్లి పలకరించొస్తాను."

క్రిస్టీనాకి తల్లి మాట సగమే వినపడింది. ఆదివారం. పెద్ద పోటు. ఆమె చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికొచ్చి ఫోను చేసింది. గురువారం ఒంటిగంటకి గీత లేచినప్పుడు మురళీమోహన్‌కి నాలుగుసార్లు చేసిన వేలు, గంగబాబుకి ఒక్కసారి చెయ్యలేదు. దిగువన చిన్నవాళ్లున్నారని మురళీమోహన్‌తో అందే గాని, ఆ మూడు రోజులూ గంగబాబుకి చెప్పాలని తట్టలేదు. గుర్తొచ్చిందంతా ఒక్క మనిషే.

"గంగబాబుగారూ, నీళ్లు పెట్టేరా?"

"పెట్టేనండి మేడంగారూ. నాలుగింటికే ఇంజను వేసేనండి, నిండుగా వచ్చేయి. మీరు పెట్టుకోమన్నారు కదండి" అన్నాడు గంగబాబు సంతోషంగా.

తర్వాతి గురువారం గంగబాబూ, అతని భార్య అప్పాయమ్మా కలిసి వచ్చారు. అప్పాయమ్మ చేతిలో స్టీలు గిన్నె. గిన్నె మీద మూత. సంచి కొనడం కూడా దండగనిపించిందేమో. క్రిస్టీనా మూత తీసింది. యాభై అయిదు రోజుల రొయ్యలు, చిటికెన వేలంత. మిషను అక్కర్లేదు. తల డిప్పల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి మచ్చలు.

"కూర్చోండి" అంది. కుర్చీ ఒకటే ఉంది. తన కుర్చీ కూడా లాగి ఇటు వేసింది. ఇద్దరూ కూర్చోలేదు.

"ఇంకేవైనా మందు కొడితే నిలబడతాయాండి?" అన్నాడు గంగబాబు.

"లేదండి."

"పట్టించెయ్యమంటారా?"

"ఈ సైజుకి ఎవరూ రారండి. బ్లీచింగ్ కొట్టెయ్యండి. నీళ్లు వదలకండి. మీ కిందెవరైనా ఉన్నారేమో."

"మా కిందెవరూ లేరండి. సముద్రమే" అన్నాడు.

అప్పాయమ్మ గిన్నె మూత తడుముతోంది. ఎక్కిళ్లు లేవు, ఏడుపు లేదు. తడుముతూనే అడిగింది. "మురళీబాబుగారికి మీరు రెండ్రోజులు ముందే చెప్పేరంట కదమ్మా? సతీషు చెప్పేడు. నీళ్లు వదలొద్దని కూడా చెప్పేరంట. మరెందుకు వినలేదండి ఆయన? అంత చదూకున్న మనిషి, కళ్లముందు కాయితం పెడితే ఎందుకు వినడండి?"

క్రిస్టీనా గిన్నెలోకి చూసింది. ఒక రొయ్య ఇంకా మీసం కదుపుతోంది.

"నేను సరిగా చెప్పలేకపోయానండి" అంది.

"భలేవారే మేడంగారూ" అన్నాడు గంగబాబు. ఆమె ముఖం చూసి అతనికే ఏదోలా అయినట్టుంది. గొంతు తగ్గించి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "మీరు బానే చెప్పుంటారండి. మాకెప్పుడూ బానే చెబుతారు. ఆయనకేదో మనసులో ఉండుంటాది. దానికి మీరేం చేత్తారండి? మీరు బాధపడకండి."

రిపోర్టు రాసి ఇచ్చింది. అతను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. అప్పాయమ్మ గిన్నె తీసుకుంది. ఇద్దరూ ఆమెకి దణ్ణం పెట్టి, మెట్లు దిగి వెళ్లారు.